బౌరో ఇచ్చిన నేల

పిట్టల దీవికి సర్కారు నన్ను కాపలా పెట్టి ఇరవై రెండేళ్లు. కర్ర పట్టుకుని అక్కడికి ఎవరినీ రానివ్వకపోవడమే నా పని. సముద్రాన్ని ఆపమని ఎవరూ చెప్పలేదు. ఏటేటా పోటు పెరుగుతూ వచ్చి, పోయిన ఫిబ్రవరిలో దీవి మీదుగా దాటిపోయింది. గుడ్లన్నీ ఒక్క ఉదయంలో కొట్టుకుపోయాయి. ఎగరలేని పిల్లలు రాళ్లకు కొట్టుకుని చచ్చాయి.

మిగిలిన పిట్టలు మా ఊరి దీవికి వచ్చి, దక్షిణపు కొసన బౌరో నేలలో గుడ్లు పెట్టాయి. బౌరో మా చెల్లెలు తెరేంగా మొగుడు. ఆ నేల కాపలా హద్దులో లేదు. అక్కడ ఎవరైనా వాటిని చంపుకోవచ్చు.

అందుకని మనేబా చావడిలో ఊరంతా కూర్చున్నప్పుడు లేచి, ఆ నేలని బుబుటిగా అడిగాను. చుట్టం అలా అడిగితే కాదనడం మాలో లేదు. కాదంటే ఆ ఇంటి పరువు పోతుంది. బౌరో తీసుకోమన్నాడు. అతనికి చేమదుంపలు వేసుకునే గుంట వేరే ఉందిలే అనుకున్నాను.

మూడు నెలలకు సముద్రం గట్టు తెంచుకుని ఆ గుంటలో పడింది. వాళ్ల తాత నాటిన దుంపలు ఉప్పుకు కుళ్లిపోయాయి. కొత్త గుంట తవ్వితే తీపి నీళ్లు పడే చోటు ఇక ఒక్కటే ఉంది, నాకిచ్చినది. ఇచ్చినదాన్ని తిరిగి అడగడం మాలో చచ్చేంత సిగ్గు. పిట్టలు లేకపోతే నాకు ఆ నేలతో పని ఉండదని అతను ఆలోచించుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆరుగురితో వచ్చాడు. అందరి చేతుల్లో దుడ్డుకర్రలు. నేను అడ్డం నిలబడ్డాను.

"నేల అడగట్లేదులే బావా, భయపడకు. దాని మీదున్న పిట్టల్ని అడుగుతున్నా. ఇది బుబుటి."

అవి నావి కావని, సర్కారువని చెప్పాను.

"సర్కారు పిట్టలకి నీ చెల్లెలి కూడు పెట్టించావు. సర్కారుని నేల అడగడానికి నోరు రాలేదా?"

వెనకున్నవాళ్లు నవ్వారు. ముసలాడు పిట్టల్ని కట్టుకున్నాడని ఒకడన్నాడు.

కర్ర ఎత్తాను. బౌరో దవడ మీద కొట్టాను. రెండు పళ్లు రాలాయి గాని అతను పడలేదు. తిరిగి నా కుడి మోచేతి మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. పడ్డాక డొక్కలో తన్నారు, లేవకుండా.

తర్వాత పిట్టల మీద పడ్డారు. గుడ్డు వదలనివి ముందు పోయాయి. తలకొక దెబ్బ. పైకి లేచినవి మళ్లీ గుడ్డు మీదికే దిగి, దిగినచోటే చచ్చాయి. సొనా నెత్తురూ కలిసి కాళ్లు జారుతుంటే ఇసుక చల్లుకుని మరీ కొట్టారు. పొద్దు వాలేసరికి అక్కడ ఏ అరుపూ లేదు. మిగిలిన కాసినీ సముద్రం మీదికి వెళ్లిపోయాయి. వాటికి దిగడానికి ఇంకో దీవి లేదు.

తెరేంగా చాప నిండా చచ్చిన పిట్టల్ని మోసుకొచ్చి నా గుమ్మంలో దించింది.

"నేల నీది కదన్నయ్యా. పెద్దవాటా నీకే రావాలి."

దించాక కూడా వెళ్లలేదు. నా విరిగిన చేతి వంక చూడలేదు. నేల తిరిగి తీసుకోమని చెప్పాను. తలూపి వెళ్లిపోయింది.

కుప్పలో ఒకటి ఇంకా ముక్కు తెరిచి మూస్తోంది. ఎడమ చేత్తో కుదరక, మోకాలి కింద అదిమి మెడ విరిచాను.