మెరిసే ముక్కు కొన

సియోల్‌లో చాలామంది అమ్మల్లాగే మా అమ్మ కూడా, కాలేజీ ప్రవేశ పరీక్ష అయిపోగానే చెల్లి నారికి బహుమతిగా ఆపరేషన్‌తో ముక్కు ఎత్తు చేయించింది. లోపల సిలికాన్ ముక్క పెట్టారు. అది జరిగి చాలా ఏళ్లయింది. ఈ చలికాలం క్యాబేజీకి కారం పట్టించి కిమ్చీ పచ్చడి కలపడానికి అందరం కూర్చున్నప్పుడు చూశాను, దాని ముక్కు కొన పలచబడి నిగనిగలాడుతోంది.

"డాక్టరుకి చూపించవే," అన్నాను.

"ఏడ్చావులే అక్కా! చప్పిడి ముక్కుదానివి, నీకు కుళ్లు."

ముఖం చూసి జాతకం చెప్పే ఓక్‌బున్ పిన్ని దాని గడ్డం పట్టుకుని మురిసిపోయింది. "ముక్కు కొన మెరిస్తే సిరి వస్తున్నట్టే. మళ్లీ కత్తి పెట్టించారో, వచ్చే సిరి వెనక్కి పోతుంది!"

అమ్మ పొంగిపోయింది. నాకు ఒళ్లు మండింది. అది సిరి కాదు, లోపలి సిలికాన్ తోసుకొచ్చి చర్మానికి చిల్లు పడబోతోందని అరిచాను. ఎవరూ వినలేదు.

ఇంతలో కారం ఘాటుకి నారి తుమ్మి, ఎర్రటి చేత్తోనే ముక్కు రుద్దుకుంది. నేను తడిగుడ్డతో తుడిచాను. ఎరుపంతా పోయింది. కొన మీద బియ్యపుగింజంత తెలుపు మాత్రం పోలేదు. మళ్లీ తుడిస్తే గుడ్డ కింద ఏదో గట్టిగా తగిలింది.

"నొప్పిగా ఉందా?"

"తుడుస్తున్నావా? నాకేం తెలియట్లేదే!"

"ముత్యంలా ఉంది," అంది పిన్ని.

అమ్మ నా వైపు తిరిగింది. "నారికి చేసిన డాక్టరు దగ్గరే నీ ముక్కుకీ సోమవారం టైము తీసుకున్నాను."