తూము ఎత్తమన్న మాట

పుల్లలచెరువు మండలంలోని ఆ ఊరి చెరువు ఏళ్ల తర్వాత నిండింది. జనం సంబరం తీరకముందే కట్ట అడుగున నీరు కారడం మొదలైంది. ఆ కట్ట బాధ్యత అసిస్టెంట్ ఇంజనీరు ఝాన్సీది. ఇసుక మూటలు వేయించినా ఆగలేదు. కారే నీటిలో మట్టి కలిసి ఎర్రగా వస్తోంది, అంటే కట్ట లోపల కోసుకుపోతోంది. కట్ట కింది పల్లంలోనే క్రైస్తవుల కాలనీ.

అప్పుడే తుపాను హెచ్చరిక వచ్చింది. ఒంగోలు దగ్గర తీరం దాటవచ్చు, నెల్లూరు దిగువకు మళ్లనూవచ్చు అన్నారు. ఝాన్సీ పైఅధికారికి ఫోన్ చేసింది.

"ముందుజాగ్రత్త పడమని ఒక ఆర్డరు, నీళ్లు వృథా చేయొద్దని ఇంకో ఆర్డరు. నన్నేం చెప్పమంటావమ్మా? కట్టను చూసినదానివి నువ్వు. నువ్వే తేల్చుకో," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

కాలనీవాళ్లను వచ్చి బడిలో తలదాచుకోమంటే, మేకలను వదిలి రామన్నారు. ఇటు చూస్తే కట్ట మీద ఊరంతా నిలబడి ఉంది. పెద్దరైతు మాలకొండయ్య ముందుకొచ్చాడు.

"అమ్మా, ఈ నీళ్లు చూసుకొనే మిరప వేసినాం. వస్తాదో రాదో తెలీని వానకు భయపడి ఉన్న నీళ్లు వదుల్తావా?"

"కట్ట తెగితే ఎట్ల, పెద్దాయనా?"

"తెగకపోతే ఎట్ల?"

ఝాన్సీ మబ్బు పట్టిన ఆకాశం వైపు చూసింది. నీళ్లు వాగులోకి పోయేలా తూము తలుపు ఎత్తమంది.

ఊళ్లోవాళ్లెవరూ తూము తలుపు ఎత్తే చక్రం ముట్టుకోలేదు. తుప్పు పట్టిన ఆ చక్రం ఆమె ఒక్కదానికి తిరగలేదు. చివరికి కాలనీ నుంచి యోసేపు వచ్చి చెయ్యి వేశాడు.

"ఇంకేంది, మీవోళ్ల కోసమేగా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఝాన్సీ కూడా చర్చికి వెళ్లే మనిషేనని ఊరికి తెలుసు. యోసేపును వద్దంటే తూము లేవదు, కట్ట ఉండదేమో; వద్దనకుంటే నింద నిజమేననుకుంటారు. ఆమె చక్రం వదల్లేదు.

తుపాను దక్షిణానికి మళ్లింది. ఈ వైపు తుంపర తప్ప ఏమీ పడలేదు. వదిలిన నీళ్లు పోయి చెరువులో బురద మిగిలింది. ఝాన్సీ బదిలీ అడిగితే, కట్ట మరమ్మతు అయ్యేదాకా కదలడానికి లేదన్నారు. మరమ్మతుకు నిధులు రాలేదు.

సంక్రాంతి దాటాక కట్ట చూడటానికి వెళ్లింది. కట్ట పక్క చేలో మాలకొండయ్య ఎండిన మిరపచెట్లు పీకుతున్నాడు. తిడతాడనుకుంది. అతను తలెత్తి మెల్లగా అడిగాడు.

"అమ్మా, ఆ పొద్దు వదలకపోయుంటే కట్ట తెగేదేనా?"

"తెలీదు, పెద్దాయనా."

"తెగేదే అని ఒక్క మాట అను తల్లీ. అబద్ధమైనా సరే. నా పైరు ఊరికే పోలేదనుకుంటా."

ఝాన్సీ కట్ట వైపు చూసింది. అతను మళ్లీ వంగి ఇంకో చెట్టు పీకాడు.

ఆమెను కట్ట మీద దించిన జీపు చుట్టూ తిరిగి వచ్చి చేను అవతలి గట్టున ఆగి ఉంది. అక్కడికి పోవాలంటే ఆ చేను మధ్యలోంచే నడవాలి.