చివరి పాటలో మూలుగు

అయినా ఇంత సన్నగా ఉందేమిటి, ఇది అన్న గొంతే, వాడిదే, స్టూడియోలో సౌండాయన మాత్రం నావంక చూసి ముసిముసిగా నవ్వుతున్నాడు, బాగుచేశానమ్మా అంటున్నాడు, మీ పాత టేప్‌రికార్డర్ మోటారు సరిగా తిరిగేది కాదులా ఉంది, పాట వెనకాల కరెంటు హోరు ఉంటుంది చూడండి, అదెప్పుడూ ఒకే శ్రుతిలో ఉండాలి, మీ క్యాసెట్లలో బాగా కిందికి జారింది, దాన్ని పట్టుకుని మొత్తం అసలు వేగానికి తెచ్చాను అని ఘనకార్యంలా చెబుతున్నాడు, చేశాడు మహానుభావుడు, ఎవరు చెయ్యమన్నారయ్యా, మోటారు పాడవలేదు, వెనక చిన్న కన్నంలో స్క్రూడ్రైవరు పెట్టి అన్నే తిప్పేవాడు, రికార్డు చేసేటప్పుడు వేగం పెంచడం, వినేటప్పుడు మామూలుకు దించడం, అప్పుడు గిటారు బరువెక్కి, వాడి గొంతు బావిలోంచి వచ్చినట్టు బొంగురుగా దిగిపోయేది, బళ్ళో పిల్లిగొంతు అని ఏడిపించిన వెధవలందరి నోళ్ళూ ఆ గొంతుతోనే మూయించాడు, ఒట్టు వెయ్యవే, ఈ సంగతి చచ్చినా ఎవరికీ చెప్పకూడదు అన్నాడు, నేను చెప్పలేదు, చచ్చింది వాడు.

బ్యాండంటే ఎంతమందిమని, పాడటానికి అన్న, గిటారుకు ఎదురింటి బక్కోడు, డ్రమ్ముల మీద నేను, బట్టలుతికే మిషను పక్కన వెనకగదిలో తలుపులు బిగించుకుని లోకంలోని దిగులంతా మాదే అన్నట్టు ఉండేవాళ్ళం, పాట నత్తనడకన రావాలంటే ముందు నేను దడదడా బాదాలి, భుజాలు ఊడి పడేవి, ఇన్నేళ్ళకు ఆ తొలినాటి రికార్డింగులన్నీ ఏరి ఒక డిస్కుగా వేస్తామని వచ్చిన కంపెనీ ఆవిడ, మీ వాయింపులో ఎంత ఓర్పు మేడమ్, శవం వెంట నడిచినట్టుంటుంది అంది, ఓర్పా నా మొహమా, మా కళ్ళజోళ్ళ దుకాణంలో ఎవరో పెద్దాయన ముక్కు మీద ఫ్రేము సర్దుతూ నవ్వాపుకోలేక చచ్చాను, ఎవరికి తెలుసు అసలు సంగతి, అమ్మకు తెలుసు, గోడ అవతలే వంటగది, అమ్మ విన్నది మేం వాయించిన పాట, గబగబా, గలగలా, గరిటెతో తాళం కూడా వేసేది, తర్వాత క్యాసెట్టు వినిపిస్తే మొహం చిట్లించి, ఆపండ్రా బాబూ, ఎవడే ఈ బొంగురుగొంతు వాడు, నా కొడుకు గొంతు నాకు తెలీదా అంది, అన్న అలిగి రెండు పూటలు తిండి మానేశాడు.

తెలుసంది, ఇప్పుడు అదీ తెలియడం లేదు, వానలో బండి జారి వాడు పోయాక అమ్మకు మతిమరుపు మొదలైంది, అన్న ఇంకా రాలేదేమే అని అడిగేది, లేడమ్మా అంటే అప్పుడే కబురు వచ్చినట్టు ఉన్నచోటే కూలబడేది, మర్నాడు మళ్ళీ అడిగేది, మళ్ళీ కూలబడేది, వాణ్ణి నా నోటితో ఎన్నిసార్లు చంపానో, పోనుపోను అడగడం మానేసింది, హమ్మయ్య అనుకున్నాను, సిగ్గు లేకుండా అనుకున్నాను, కానీ మొన్న తల దువ్వుతుంటే నా చెయ్యి పట్టుకుని, వాడి గొంతు ఎలా ఉండేదే, మొహం కనిపిస్తోంది, నోరు కదుపుతున్నాడు, ఏమంటున్నాడో వినపడటం లేదు అంది, ఫొటోలు బోలెడున్నాయి, గొంతు ఎక్కడుంది, ఉన్నదంతా ఈ క్యాసెట్లలోనే, అదేమో అమ్మ ఒప్పుకోని గొంతు, అందుకే ఇందాక సౌండాయన ఆ మీట నొక్కగానే, ఆ సన్నటి గొంతు పలకగానే, దొరికాడు, అమ్మా, దొరికాడే వీడు అని లోపల గంతులేశాను, ఇదంతా నాకో కాపీ చేసివ్వండి అని అరిచినట్టే అడిగాను.

ఇస్తానమ్మా, దానిదేముంది, ముందు ఇది వినండి, మీ చివరి పాటలో మూలుగుంది కదా అంటున్నాడు, ఎందుకు లేదు, దాని మీదే కదా జనం పేజీలకు పేజీలు రాసింది, ప్రాణం వదిలే మనిషి మూలుగట, మనిషికి ఇక ఏ ఆశా లేదని చెప్పే మూలుగట, నాకే అది ఏమిటో గుర్తులేదు, ఆ పాటే అసలు వేగంలో పెట్టాడు, పాట ఆగింది, నా డ్రమ్ముల మోత సన్నగిల్లింది, ఆ తర్వాత అన్న గొంతు, స్పష్టంగా, చిరాగ్గా, ఆకలిగా, వస్తున్నానమ్మా.

అంతే, వస్తున్నానమ్మా, అమ్మ భోజనానికి పిలిచినట్టుంది, పలికాడు, టేపు తిరుగుతూనే ఉంది, సౌండాయన పకపకా నవ్వాడు, ఇదామ్మా ఆ మూలుగు అన్నాడు, నేనూ నవ్వబోయాను, కానీ ఇది అమ్మకు వినిపిస్తే, లేచి పళ్ళెం పెడుతుంది, వాడికీ పెడుతుంది, కూర చల్లారుతోంది ఎక్కడున్నాడే అంటుంది, తలుపు వంక చూస్తుంది, ఎవరు చెప్పాలి, నేనే, మళ్ళీ మొదటినుంచీ నేనే, ఆ ఒక్క మాట కోసేసి ఇవ్వనా అని సౌండాయన అడుగుతున్నాడు, నా మొహం చూసి పాపం ఆయన నవ్వు ఆగిపోయింది, కోసినా ఒకటే, గొంతు వింటే అమ్మ మనిషి కోసం చూస్తుంది, వద్దండీ, కాపీ వద్దు, కానీ వాడి గొంతు లేకుండానే అమ్మ పోతే, ఆ నోరు కదుపుతున్న మొహంతోనే పోతే, అయ్యో, ఏది చేసినా తప్పేనేమిట్రా అన్నా, ఫ్యాక్టరీకి ఇవాళే పంపాలి, ఏ వేగం ఉంచమంటారు అని కంపెనీ ఆవిడ గుమ్మంలోంచి అడుగుతోంది, పాతదే, వాడు తిప్పిన వేగమే, ఆ మూలుగు మాత్రం కొయ్యకండి అన్నాను, ఇంతలో ఫోను మోగింది, అమ్మ, ఎక్కడున్నావే, తినవా, పొద్దుపోతోంది అంటోంది, వస్తున్నానమ్మా అన్నాను, అన్నాక నా చెవులకే వినిపించింది, అదే విసుగు, అదే ఆకలి, సంచీ భుజాన వేసుకుని మెట్లు గబగబా దిగాను, ఆ మాట పలికిన ఇద్దరిలో ఇంటికి చేరగలిగింది నేనొక్కదాన్నే.