బండి వచ్చేలోపు

"పెళ్లయి నాలుగు నెలలే కదమ్మా, నువ్వు హాల్లోకి రాకు. కొత్తకోడలు శవాన్ని చూడకూడదు," అంటూ రోహిత్ మేనత్త ఉమాశ్రీని పడగ్గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేసింది. రోహిత్ బామ్మ తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. కాసేపటికి రోహిత్ తొంగిచూసి, ఆఫీసులో వెండర్లతో మాట్లాడే అలవాటు భార్యకి ఎలాగూ ఉంది కాబట్టి ఫోన్లన్నీ ఆమెనే చూసుకోమన్నాడు. మొత్తం ఎంతవుతుందో నాన్నకి చెప్పాలట.

అలా బామ్మ చివరి ప్రయాణం, ఆమె మొహం చూడకూడని మనిషి చేతిలో పడింది. సాయంత్రంలోపే తీసుకెళ్తే ఫ్రీజర్ బాక్సు అక్కర్లేదు. తొమ్మిదో అంతస్తు నుంచి దింపే మనుషులకి వేరే ఇవ్వాలి. వైకుంఠరథం రేటులో శ్మశానం దగ్గర ఆగే సమయం కలవదు. కట్టెలు, పురోహితుడు, ఎవరి లెక్క వాళ్లది. ఏడుపు గొంతుతో అడిగితే ఒక రేటు, ఆఫీసు గొంతుతో అడిగితే ఇంకో రేటు అని ఆమెకు రెండో ఫోనుకే అర్థమైంది. అన్నీ కలిపి ఒకటే మాట చెప్పమని పట్టుబడితే బండి పెంటయ్య దిగొచ్చాడు. "గట్లనే కానీ మేడమ్. నాలుగింటికి గేటు కాడ ఉంట. జర లేట్ చెయ్యకుండ్రి."

ఒక్క క్షణం గంతెయ్యాలనిపించింది. బాల్కనీ కుండీలో కొత్తిమీర మొలిచినా రోహిత్‌ని లాక్కొచ్చి చూపించే మనిషి. పిలవబోయి నాలుక కరుచుకుంది.

అప్పుడే తలుపు సందులోంచి తోటికోడలు రసజ్ఞ ఏడుపు వినిపించింది. ఎంత మనసున్న పిల్లో అంటున్నారెవరో. చిన్నకోడలేదని ఇంకెవరో అడిగితే మేనత్త గొంతు, "లోపల ఫోన్లో ఉంది. దానికి మా అమ్మతో ఏపాటి బంధంలే," అంది.

ఉమాశ్రీకి ఒళ్లు మండిపోయింది. రసజ్ఞ మదీనాగూడ నుంచి నెలకోసారి వచ్చి వెళ్లేది. రోజూ బామ్మకి జడ వేసింది తను. మీటింగులో మైకు ఆపేసి మందులిచ్చింది తను. బామ్మ చెప్పే కబుర్లకి పడీపడీ నవ్వింది తను. ఇప్పుడు బామ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నది మాత్రం రసజ్ఞ. ఏడ్చే చోటు కోసం కూడా ఇంత కుళ్లుకుంటారా అని సిగ్గేసింది. సిగ్గేసినా కుళ్లు తగ్గలేదు. నలుగురి మధ్య, ఎవరో వీపు నిమురుతుంటే ఏడవగలగడం ఎంత సుఖమో!

నాలుగవుతుండగా పెంటయ్య ఫోన్ చేశాడు. బండి వచ్చేసింది. అదే సమయానికి రోహిత్ తలుపు తోశాడు. "నాన్న పన్నెండో రోజుకి పుప్పాలగూడలో ఫంక్షన్ హాలు తీసుకోమంటున్నారు, నాలుగొందల మందికి. అదీ కాస్త బేరమాడు. నేను బామ్మ దగ్గరికి వెళ్తున్నా."

ఉమాశ్రీ లేచి ఫోను అతని చేతిలో పెట్టింది.

"పెళ్లి మనిద్దరికీ ఒకే రోజు అయింది కదా రోహిత్. నువ్విక్కడ కూర్చో."

హాల్లో మేనత్త ఏదో అనబోయింది. ఉమాశ్రీ ఆగకుండా బామ్మ తల దగ్గరికి వెళ్లింది.

"కొంచెం జరుగక్కా," అంది.