అత్తయ్య బెల్లు

మా అత్తయ్యకి తుంటి విరిగాక ఆ బెల్లు చేసింది నేనే. తన గొయ్యి తనే తవ్వుకోవడమంటే ఏమిటో అప్పుడు తెలియలేదు.

పెళ్ళికి ముందు పాలిటెక్నిక్ ల్యాబ్‌లో పనిచేశాను. ఇంట్లో ఉన్నా చెయ్యి ఊరుకోదు. తాడేపల్లిగూడెంలో మా వంటింటి గట్టు మీద బియ్యం డబ్బా పక్కనే పాత త్రీడీ ప్రింటరు, దాని పక్కన సాల్డరింగ్ ఐరన్. పప్పు పోపూ, వైర్ల అతుకులూ అక్కడే. అత్తయ్య రాజకుమారిగారు ముందుగదిలో మంచం మీద ఉంటారు. నేను పెరట్లో ఉంటే ఆవిడ పిలుపు వినపడేది కాదు. అందుకని పెద్ద బటన్ ఒకటి ప్రింట్ చేశాను. మొదటిది చిన్నదై వేలికి అందలేదు, రెండోది నున్నగా జారిపోయింది. మూడోది కుదిరింది. దాన్ని మంచం పట్టెకి బిగించి, లోపల వైఫై బోర్డు పెట్టాను. ఆవిడ నొక్కితే, నేనెక్కడున్నా నా ఫోను మోగుతుంది. నేను ఫోను మీద తాకితే ఆవిడ దగ్గర పచ్చలైటు వెలుగుతుంది. వస్తున్నానని అర్థం.

చర్చివాళ్ళు వచ్చి చూసి, "కన్నకూతురైనా ఇంత చెయ్యదండీ" అన్నారు. మా ఆయన నెల్సన్ ఇంకా మురిసిపోయి, రోజూ మూడు గంటలు అత్తయ్య దగ్గర కూర్చునే మంగాయమ్మగారిని మానిపించేశారు.

"బెల్లుందిగా, ఇంకావిడెందుకు?" అన్నారు.

రోజు మొత్తంలో ఆ మూడు గంటలే నావి. వాటిని నా చేత్తో నేనే పోగొట్టుకున్నాను.

అప్పట్నుంచి రోజుకి నలభైసార్లు. దిండు జరపాలి. ఫ్యాను తగ్గించాలి. ఫ్యాను పెంచాలి. వీధిలో వెళ్ళిందెవరో చెప్పాలి. స్నానాల గదిలో ఉన్నా ఆ బెల్లు వదలదు. ఆవిడ మంచి మనిషి కావడం నా ఖర్మ, తిట్టుకోడానికైనా వీల్లేదు. మంచాన పడింది ఆవిడ, కదల్లేనిది నేను.

అలాంటప్పుడు ఏలూరులో ఒక కాలేజీ నుంచి పిలుపొచ్చింది. ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం. శనివారం పదకొండింటికి స్వయంగా రావాలి, రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. అది దొరికితే ఇంట్లో ఒక మనిషిని పెట్టుకుని నేను గుమ్మం దాటొచ్చు. మా ఆయన కొల్లేటి చెరువులకి చేపల మేత పంపే కంపెనీలో పనిచేస్తారు. "శనివారం లోడు దిగుతుందే, ఈసారికి వదిలెయ్యి" అన్నారు. మంగాయమ్మగారేమో అత్తిలిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు.

వదలదల్చుకోలేదు. శనివారం అత్తయ్యకి టిఫిన్ పెట్టి, మందులేసి, మంచినీళ్ళు అందేలా ఉంచాను.

"పెరట్లో పనుందండీ అత్తయ్యా. లైటు వెలిగితే నేను విన్నట్టే. రావడం కాస్త ఆలస్యమవుతుంది" అని అబద్ధమాడాను.

"అలాగేనమ్మా" అన్నారావిడ.

తలుపు తాళం వేసి, ఆటో ఎక్కి, స్టేషన్‌లో ప్యాసింజరు అందుకున్నాను.

రైలు కదలకముందే ఫోను మోగింది. తాకాను. ఉంగుటూరులో మళ్ళీ, చేబ్రోలులో మళ్ళీ. తాకినప్పుడల్లా ఆవిడ నా కోసం గుమ్మం వైపు చూస్తుంటారని తెలిసి సిగ్గేసింది.

"ఎవరండీ అన్నిసార్లు?" అంది పక్కన కూర్చున్నావిడ.

"మా అత్తయ్యండీ."

"అదృష్టవంతురాలండీ" అంది. మా ఇద్దరిలో ఎవరో నేను అడగలేదు.

పూళ్ళలో ఎక్స్‌ప్రెస్ కోసం అరగంట ఆపేశారు. ఆ అరగంటలో ఒక్కసారీ మోగలేదు. ఇంట్లో పది నిమిషాలు మోగకపోతే పండగ చేసుకునేదాన్ని. ఇప్పుడు ఫోను ఒళ్ళో పెట్టుకుని, మోగవే, మోగవే అని బతిమాలాను. బోర్డు బాగానే ఉంది, కరెంటూ ఉంది, ఫోనులో కనబడుతూనే ఉంది. నొక్కే చెయ్యే లేదు. మంచం మీంచి పడిపోయారేమో. నీళ్ళు తాగుతుంటే పొలమారిందేమో. తాళం వేసి వచ్చానే!

భీమడోలులో దిగిపోయాను. రైలు ఏలూరు వైపు సాగిపోతుంటే ప్లాట్‌ఫాం మీద నిలబడి ఏడ్చాను. భయం కంటే కోపంతోనే ఎక్కువ ఏడ్చాను.

బస్సు పట్టుకుని ఇంటికొచ్చి తాళం తీసేసరికి అత్తయ్య వెల్లకిలా పడుకుని ఉన్నారు. చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని ఉన్నారు.

"వచ్చేశావా? ఉద్యోగం ఇచ్చారా అమ్మా?"

"మీకెలా తెలుసండీ?"

"అబ్బాయితో అంటుంటే విన్నాను. ఇస్త్రీ చీర కట్టుకుని ఆటో ఎక్కుతుంటే కిటికీలోంచి చూశాను. అయినా అలవాటుకొద్దీ నొక్కేశాను, లైటు వెలిగింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ వెలిగింది. రైల్లో కూడా నిన్ను వదలట్లేదని అప్పుడు తట్టింది. ఇంక చెయ్యి తీసేసుకున్నాను, నిమ్మళంగా వెళ్ళిరానీ అని. పక్క తడిసిందమ్మా, ఏమనుకోకు."

నేను బీరువాలోంచి ఉతికిన దుప్పటి తీశాను.

"మీరు నొక్కడం ఆపేశారని భయపడి, మధ్యలో దిగి వచ్చేశానండీ" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూశారు.

"అయ్యో తల్లీ, నొక్కుతూ ఉంటే వెళ్ళిపోయేదానివా?"

వెళ్ళిపోయేదాన్నే. ఆ మాట పైకి అనలేక, దుప్పటి మార్చడానికి ఆవిణ్ణి మెల్లిగా పక్కకి తిప్పాను.