గాలికి పోయిన "కు"

మా ఆయన తన తమ్ముణ్ణి చంపేస్తాడు. నా భయం అదే. పాప ఒళ్ళు కాలిపోతున్నా నా ప్రాణం అక్కడే కొట్టుకుంటోంది.

మా తీరం చూడటానికి బొమ్మ గీసినట్టుంటుంది. రెండు కొండల మధ్య తెల్లటి ఇసుక, మనిషెత్తు అలలు. వాటి మీద పలకెక్కి జారాలని ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు. పలకలు అద్దెకిచ్చి, జారడం నేర్పేది మావాళ్ళే. మరిది నడుంలోతు నీళ్ళలో పలక పట్టుకుని నిలబడతాడు. మా ఆయన బండ మీద నుంచి అలలు చూసి కేకేస్తాడు. "పట్టు" అంటే పట్టుకోవాలి, "వదులు" అంటే అలతోపాటు తోసెయ్యాలి. వాళ్ళ మధ్య ఈ రెండు మాటలే.

మొన్న ఆదివారం ఒక బొద్దాయన వచ్చాడు. "నన్ను మోసే పలకుందా బాబూ?"

"పలక మోస్తుంది సార్, అలే ఒప్పుకోవాలి," అన్నాడు మరిది. అందరం నవ్వాం. ఆ నవ్వుల్లోనే మా పాప మరిది కాళ్ళకు చుట్టుకుంది.

"బాబాయ్, నేనూ ఎక్కుతా!"

"ఎక్కించనా వదినా?"

"ఎక్కించకపోతే మన చెవులు బతకనిస్తుందా! ఒడ్డునే తిప్పు," అన్నాను.

పాప పలక మీద బోర్లా పడుకుంది. ఇంతలో వాళ్ళ వెనక గోడలా అల లేచింది. పలక మీదున్నది కన్నకూతురు. రోజూ అనే "పట్టు" మా ఆయన నోటికి రాలేదు.

"వదలకు!" అని అరిచాడు.

బండ కిందున్న నాకు మాట మొత్తం వినబడింది. నీళ్ళలోకి పోయేసరికి "కు"ను గాలి కొట్టుకుపోయింది. మరిది రోజూ వినే మాటే అనుకుని తోసేశాడు.

అల పాపను ఎత్తి కుదేసింది. పలక అడుగునుండే రెక్క నుదురు చీల్చింది. ఎత్తుకునేసరికి నా భుజమంతా నెత్తురు.

మా ఆయన తెడ్డు పట్టుకుని నీళ్ళలోకి దూకాడు. మొదటి దెబ్బకే మరిది ముక్కు చితికింది.

"అన్నయ్యా, నువ్వేగా వదలమన్నావు!"

"నా బిడ్డను వదలమన్నానట్రా?" జుట్టు పట్టుకుని నీళ్ళలో ముంచాడు. పైకి లేపి, పళ్ళు రాలేలా గుద్ది, మళ్ళీ ముంచాడు. బొద్దాయన మీదపడి విడిపించకపోతే అప్పుడే అయిపోయేది.

ఆ రాత్రి ఇంట్లో, "నువ్వు వదలకు అన్నావు. అతనికి 'కు' వినబడలేదయ్యా," అన్నాను. నా పెదవి పగిలింది.

"మరిదిని వెనకేసుకొస్తున్నావా?"

పాప నుదుటికి కుట్లు పడ్డాయి. మరిది కొండ పక్కన పలకల కొట్టులో పడి ఉన్నాడు. పారిపొమ్మని కబురు పెడితే, "అన్నయ్య మాటే విన్నాను వదినా, ఎందుకు పారిపోవాలి?" అన్నాడట. నేను విన్నది "వదలకు" అని అతనికి ఇంకా తెలియదు.

ఈ పొద్దున లేచేసరికి పక్కలో ఆయన లేడు. మేకుకు వేలాడే, తాడు కోసే కత్తీ లేదు. జ్వరంలో ఉన్న పాపను వదిలి నేను కదల్లేను.

మీరు అలల కోసం అటు వెళ్తుంటే ముందు ఆ కొట్టు తలుపు తట్టండి. వదిన పంపిందని చెప్పండి. పలక్కపోతే తలుపు తోసి చూడండి, మీకు పుణ్యముంటుంది.