లోపలికి వెళ్ళని కణాలు

తోటికోడలి మీద చిన్నకోడలికి అనుమానం పుట్టింది కదలని కణాల వల్ల.

ఇద్దరిదీ ఒకే ప్రయోగశాల. చిన్నకోడలు పరిశోధకురాలు. పెద్దకోడలు మైక్రోస్కోపు గది చూసుకునేది. ఛాతీ ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథిలో రోగనిరోధక కణాలు ఎలా ఎదుగుతాయన్నది చిన్నకోడలి పని. ఎముక మజ్జ నుంచి వచ్చిన పసికణాలు గ్రంథి బయటి పొరలో తిరుగుతాయి. అక్కడి పరీక్షలో నెగ్గినవి లోపలి భాగానికి పరుగు తీస్తాయి. నెగ్గనివి అక్కడే చచ్చిపోతాయి. ఎలుక థైమస్ నుంచి కోసిన పలుచని ముక్కను గోరువెచ్చని ద్రవంలో బతికించి, ఆమె ఆ పరుగును వీడియో తీసేది.

ఆమె పక్కనుంటే కణాలు పరుగెత్తేవి. పెద్దకోడలికి అప్పగించి వెళ్తే మాత్రం వీడియోలో ఒక్కటీ కదిలేది కాదు. ఉన్నచోటే కొయ్యబారిపోయేవి.

మొదట సరిపెట్టుకుంది. మళ్ళీ మళ్ళీ అదే జరిగేసరికి మనసు తొలిచేసింది. పైగా తను గదిలోకి రాగానే తోటికోడలు గభాలున లేచి గోడమీద ఏదో స్విచ్ నొక్కేది. మొహం తుడుచుకుని చూపు తప్పించేది.

ఇంట్లో భర్తను కదిపింది.

"మీ వదినకి నేనంటే గిట్టదా?"

"నీకు ఆ ఉద్యోగం చెప్పిందే ఆవిడ కదా!"

"చెప్పాక పైకొచ్చేస్తున్నానని కడుపుమంటేమో."

"నీ బుర్రకి వేరే పని లేదా?" అని అతను అటు తిరిగి పడుకున్నాడు.

ఆమె ఊరుకోలేదు. ప్రయోగానికి వాడే రసాయనాల సీసాలు బీరువాలో పెట్టి తాళం వేసింది. కలిసి భోంచేయడం మానేసింది. ఒక మధ్యాహ్నం ఇంటికి వెళ్తున్నానని చెప్పి, మెట్ల దగ్గర కాసేపు నిలబడి, వెనక్కి వచ్చి మైక్రోస్కోపు గది తలుపు తోసింది.

చలి మొహానికి కొట్టింది. ఏసీ గాలి నేరుగా మైక్రోస్కోపు బల్ల మీదికి వస్తోంది. పెద్దకోడలు దాని ముందు కూర్చుని ఉంది. అంత చలిలోనూ మెడంతా చెమట.

"ఏం చేస్తున్నారక్కా?"

"తలుపు వెయ్యి ముందు," అందామె నీరసంగా. "ఒంట్లోంచి ఆవిర్లొచ్చేస్తున్నాయే. నెలసరి ఆగిపోయే వయసు కదా. ఊపిరాడట్లేదు."

చిన్నకోడలు థర్మామీటరు తెచ్చి ద్రవంలో ముంచింది. చల్లగా ఉంది. పళ్ళెం అడుగున హీటరు వెచ్చగానే ఉన్నా, పైన గాలికి ద్రవం చల్లారిపోతోంది. ఆ చలికే కణాలు ఆగిపోతున్నాయి.

"ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"ఎవరికి చెప్పను? నువ్వేమో నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నావు. కనపడట్లేదనుకున్నావా?"

చిన్నకోడలు వెళ్ళి ఏసీ గాలిని బల్ల మీంచి పక్కకు తిప్పింది.

బల్ల చుట్టూ గాలి తగలకుండా పెట్టె కట్టించారు. పెద్దకోడలి కుర్చీ దగ్గర చిన్న ఫ్యాను పెట్టారు. ఆ తర్వాత ఎవరున్నా కణాలు నడిచాయి. కానీ పెద్దకోడలు మైక్రోస్కోపు మర ఏది తిప్పాలన్నా, "ముట్టుకోవచ్చా?" అని అడగడం మొదలుపెట్టింది. అలా అడిగినప్పుడల్లా చిన్నకోడలికి ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది. అలా అడగొద్దని ఎలా చెప్పాలో తెలిసేది కాదు.

చాలా రోజుల తర్వాత ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. ఒక కణం గుంపును వదిలి సర్రున లోపలి భాగం వైపు దూసుకుపోయింది.

"ఒసేయ్, అటు చూడు! పుట్టింటికి పోతున్నంత తొందర దానికి!" అంటూ పెద్దకోడలు అడగకుండానే మర తిప్పి దాని వెంట పడింది.

చిన్నకోడలు చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.